జరగండి మావయ్యకి ఆటలో చోటు

ఫోను పెట్టేశాడు. ఏం లేదే, మీ చిన్న తాతయ్య. "ఏం చేస్తున్నావక్కా" అన్నాడు, "కూర్చున్నాను" అన్నాను, "సరే అయితే" అని పెట్టేశాడు. ఎప్పుడూ అంతే. నవ్వకు. వాడుండే చోట మబ్బు పట్టిందన్నమాట. మబ్బు పడితే నాకు ఫోను చేస్తాడు. మాట్లాడ్డానికి ఏమీ ఉండదు. నేను కూర్చున్నానా, పడుకున్నానా, ఇంట్లో ఇంకెవరున్నారు, ఇదే. ఇంత వయసొచ్చింది, మనవలున్నారు, ఆఫీసులో వాడంటే హడలిపోయేవాళ్ళట. ఎందుకు చేస్తాడంటే, అది చెప్పాలంటే మా మావయ్య సంగతి చెప్పాలి. నువ్వు చూళ్ళేదులే. మీ అమ్మకి కూడా సరిగ్గా గుర్తుండడు, భుజం మీద ఎక్కించుకుని తిప్పేవాడు గానీ. కూర్చో మరి. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఇటు రా.

మావయ్యంటే మా అమ్మకి తమ్ముడు. టౌను బస్సులో కండక్టరు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. బస్సు కప్పు తలకి తగలకుండా మెడ వంచీ వంచీ, కిందకి దిగి నేల మీద నడిచేప్పుడు కూడా అలాగే వంగి నడిచేవాడు. గొంతు బొంగురు. రోజంతా "జరగండి, లోపలికి జరగండి, ఇంకా చోటుంది" అని అరిచి అరిచి, ఇంటికొచ్చినా నోట్లోంచి అదే మాట. వంటింట్లోకొస్తే జరగండి, మంచమెక్కితే జరగండి. ఒకసారి ఎవరో పోయారని చూడ్డానికెళ్ళాం. జనమంతా గుమ్మం దగ్గరే గుంపుగా నిలబడి ఏడుస్తున్నారు. ఈయన వెనకనుంచి "లోపలికి జరగండమ్మా, లోపలంతా ఖాళీగా ఉంది" అన్నాడు. జరిగారు కూడా. మా అమ్మ చాలా రోజులు ఆ వీధి ముఖం చూళ్ళేదు సిగ్గుతో. అప్పట్నుంచీ మా సందులో పిల్లలకి ఆయన జరగండి మావయ్య. మహానుభావుడేం కాదు, అలా అనుకోకు. పేకాటలో పిల్లల్ని కూడా మోసం చేసేవాడు. సెలవు రోజు మధ్యాహ్నం దాకా లేచేవాడు కాదు. బజారుకి పంపితే తేవాల్సింది తప్ప అన్నీ తెచ్చేవాడు. ఉద్యోగం ఈ ఊళ్ళో పడిందని కొన్నాళ్ళుంటానని మా ఇంటికొచ్చాడు, ఇక వెళ్ళలేదు. ముందు గదిలో ఆయన మంచం, ఆయన ట్రంకు పెట్టె, గోడకి ఆ తోలు సంచీ. పోవడం కూడా ఆయన పద్ధతిలోనే పోయాడు. డిపోలో డ్యూటీ దిగి, చెప్పులు విప్పి, బల్ల మీద కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నాడట. లేపితే లేవలేదు. అది చాలా తర్వాత సంగతిలే. ఇప్పుడు చెప్పేది నేను మూడో క్లాసో నాలుగో క్లాసో, మీ చిన్న తాతయ్య అప్పుడే బడికి వెళ్తున్న రోజులు.

ఇంట్లో మా నాన్న, అమ్మ, నాన్న వాళ్ళమ్మ అంటే మా నానమ్మ, మేమిద్దరం, ఈ మావయ్య. నాన్న ప్రెస్సులో అక్షరాలు పేర్చే పని చేసేవాడు. వేళ్ళెప్పుడూ నల్లగా ఉండేవి. మెత్తని మనిషి, గట్టిగా మాట్లాడ్డం నేను విన్లేదు. నానమ్మకీ మావయ్యకీ మాత్రం రోజూ తగువే. "అక్క ఇంట్లో తిష్ట వేసి కూర్చున్నాడు, పెళ్ళీ లేదు పెటాకులూ లేవు" అని ఆవిడ ఆయనకి వినపడేలా అనేది. "ముసలమ్మా, నువ్వు దిగే స్టాపు ఎప్పుడో దాటిపోయింది" అని ఈయన. మళ్ళీ సాయంత్రమైతే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పేకాట. ఒకళ్ళనొకళ్ళు మోసం చేసుకునేవాళ్ళు, ఇద్దరికీ తెలుసు. వాడికి, అదే మీ చిన్న తాతయ్యకి, నానమ్మంటే ప్రాణం. ఆవిడ ఎక్కడికెళ్తే అక్కడికి చీర కుచ్చెళ్ళు పట్టుకుని వెనకే.

ఆ తుఫాను పగలే వచ్చింది. పొద్దున్నించీ ఆకాశం అదోలా ఉంది, మధ్యాహ్నానికి ప్రెస్సు మూసేశారు, నాన్న ఇంటికొచ్చేశాడు. మావయ్య డ్యూటీలో ఉన్నాడు. మా ఇల్లు ముందు రెండు గదులు గట్టివే, వెనక వంటిల్లు మాత్రం రేకులు, దాని గోడ ఎప్పటిదో, సగం మట్టి. గాలి మొదలైంది. నీకెలా చెప్పాలి, గాలి కాదది, ఎవరో తలుపు మీద భుజం ఆనించి తోస్తున్నట్టు. వీడు, మీ చిన్న తాతయ్య, నాన్న మోకాళ్ళ మధ్య దూరి "నాన్నా, ఏమవుతుంది" అన్నాడు. నాన్న తల నిమిరి "ఏమీ కాదురా, ఊరికే గాలి. కాసేపట్లో పోతుంది" అన్నాడు. ఏ తండ్రయినా అదే అంటాడు కదా. నానమ్మ అక్కడే కూర్చుని ఉంది. ఆ మాట విని లేచింది. "ఏమీ కాదంటున్నాడుగా, అన్నం గిన్నె ఇటు తెచ్చేస్తాను, పిల్లలకి ఆకలేస్తుంది" అని వంటింట్లోకెళ్ళింది. అమ్మ "అత్తయ్యా, నేను తెస్తా ఉండండి" అంటూనే ఉంది. ముందు రేకు లేచిపోయింది. తర్వాత గోడ. అంత గాలిలో ఆ చప్పుడు పెద్దగా వినపళ్ళేదు కూడా. ఏదో బస్తా దించినట్టు వినపడింది. అంతే.

మావయ్య మర్నాడు పొద్దున్న నడిచి వచ్చాడు. బస్సు వంతెన అవతల ఆగిపోయింది, ప్రయాణికులందరినీ ఏదో గోడౌనులోకి చేర్చి, రాత్రంతా వాళ్ళతోనే ఉన్నాడట. గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు. జరగండి అన్లేదు. ట్రంకు పెట్టె మీద కూర్చుని, నానమ్మ పేకముక్కలు కట్టుకునే రబ్బరు బ్యాండు కిటికీ దగ్గర పడుంటే తీసి చేతికి తొడుక్కున్నాడు. చాలా ఏళ్ళు అది ఆయన చేతికే ఉంది, తెగిపోయేదాకా.

మా సందులో ఇళ్ళు చాలావాటికి కప్పు లేదు. అందర్నీ బడి మేడ మీదకి తీసుకెళ్ళారు. క్లాసుగదికి రెండు మూడు కుటుంబాలు, మధ్యలో తాడు కట్టి దుప్పట్లు వేలాడదీసి. కొన్ని వారాలున్నాం. అక్కడ మొదలైంది వీడి గొడవ. కొంచెం గాలి వీస్తే చాలు, దుప్పటి ఊగితే చాలు, తలుపు పక్కన గోడకి వీపు ఆనించి కూర్చునేవాడు. లాగు తడిపేసుకునేవాడు. పళ్ళెంలో తిండి పెడితే తినడు, ఎవరైనా పక్కనుంచి లేస్తే గుడ్డ పట్టుకుని లాగుతాడు. అమ్మ "ఏమీ కాదు నాన్నా" అంటుంది, వాడు అమ్మ ముఖంలోకి అలా చూస్తాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. అబద్ధం చెప్పేవాళ్ళని చూసే చూపు. ఇంత పిల్లాడికి అలాంటి చూపేంటే. ఇక నాన్న సంగతి సరేసరి. "నేను అన్నాననే కదా లేచింది" అని ఒక్కసారి అమ్మతో అన్నాడు, మళ్ళీ ఎత్తలేదు. వీడికి ఎదురుపడేవాడు కాదు. పొద్దున్నే వెళ్ళి ప్రెస్సులో బురద ఎత్తేవాడు, సాయంత్రం వచ్చి అటు తిరిగి పడుకునేవాడు. ఒకే దుప్పటి కింద ఆ తండ్రీ కొడుకూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండా ఉండడం, అది మాకందరికీ కనిపించేది, ఎవరికీ ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

అప్పుడే పిల్లలు ఆట మొదలెట్టారు. ఎవరు మొదలెట్టారంటే ఏం చెప్తాం, పిల్లలన్నాక. మేడ మీద వరండాలో తుఫాను ఆట. ఇద్దరు ముగ్గురు దుప్పటి పట్టుకుని ఊపుతూ హోరు పెడతారు, వాళ్ళు గాలి. మంగలి షాపాయన కొడుకు ఒకడుండేవాడు, బొద్దుగా, వాడు గోడ. చేతులు బారచాపి నిలబడేవాడు. టైలరు గారి అమ్మాయి తలకి తువ్వాలు చుట్టుకుని నానమ్మ. మా నానమ్మే. చాలా బాగా చేసేది దొంగమొహంది, నడుం మీద చెయ్యేసుకుని ఆ నడకా అదీ. "గిన్నె తెచ్చేస్తాను" అని అటు వెళ్తుంది, గోడ వచ్చి మీద పడతాడు, అది కెవ్వుమని చచ్చిపోతుంది. ఆట అయిపోయింది. మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ అదే. మీ చిన్న తాతయ్య రోజంతా అదే ఆడించేవాడు. నవ్వు లేదు, సరదా లేదు, ఏదో పనిలా. మిగతా పిల్లలకి విసుగొచ్చి "ఇంకో ఆట ఆడదాంరా" అన్నా ఒప్పుకునేవాడు కాదు. నేనెవర్నంటావా? నేను అమ్మని. "అత్తయ్యా, నేను తెస్తా ఉండండి" అనాలి, అంతే నా వేషం. ఒకరోజు మా అమ్మ బట్టలు ఆరేయడానికొచ్చి చూసింది. చూసి ఆ తడి బట్టతోనే వాణ్ణి వీపు మీద బాదింది. "చచ్చిపోయిన మనిషితో ఆటలా మీకు? మా అత్త మీకు ఆటబొమ్మయిందా?" అని. అని అక్కడే కూలబడి ఏడ్చింది. పిల్లలంతా పరార్. ఆ పూటకి ఆగారు. మర్నాడు బడి వెనక వైపు, మెట్ల కింద మళ్ళీ మొదలెట్టారు.

మావయ్య డ్యూటీ దిగొస్తూ మెట్ల కింద మమ్మల్ని చూశాడు. తిడతాడనుకున్నాం. తిట్టలేదు. సంచీ పక్కన పెట్టి మెట్టు మీద కూర్చుని మొత్తం చూశాడు, నానమ్మ చచ్చిపోయేదాకా. టైలరు గారి అమ్మాయి లేచి దుమ్ము దులుపుకుంటోంది. అప్పుడడిగాడు, "ఈ ఆటలో నేనెవర్ని" అని. వీడు వెంటనే "నువ్వు లేవు" అన్నాడు. "ఎందుకు లేను?" "నువ్వు డ్యూటీలో ఉన్నావు." మావయ్య ముఖం నాకు కనిపిస్తూనే ఉంది. ఆ మాట ఆయనకి ఎక్కడో తగిలింది. "సరే, ఇప్పుడు బస్సేసుకుని వస్తా, చోటివ్వండి" అన్నాడు. వీడు "నువ్వు రాలేదు కదా" అన్నాడు. "రాలేదు. అప్పుడు రాలేదు. ఇప్పుడు వస్తా." వీడు చాలాసేపు ఆలోచించాడు. "వచ్చినా నానమ్మ చచ్చిపోతుంది" అన్నాడు. అంటే బేరం పెట్టాడన్నమాట. "సరే, చచ్చిపోతుంది" అన్నాడు మావయ్య. "ఆ తర్వాత ఏమవుతుంది?" నిజంగా మాకెవ్వరికీ తెలీదు. ఆట ఎప్పుడూ అక్కడితోనే ఆగిపోయేది మరి. గోడ పడితే అయిపోయినట్టే.

"తర్వాత ఏమయిందో నీకు గుర్తుందా" అని గోడ పిల్లాణ్ణి అడిగాడు. వాడు నత్తినత్తిగా, "మా నాన్న వచ్చి ఇటుకలు తీశాడు" అన్నాడు. నిజమే, మంగలి షాపాయనే మొదట పరిగెత్తుకొచ్చింది. "అయితే తియ్యండి" అన్నాడు మావయ్య. తీశారు, ఉత్తుత్తి ఇటుకలు. "తర్వాత?" టైలరు గారి అమ్మాయి కింద పడుకునే చెప్పింది, "మా అమ్మ వీణ్ణి మా ఇంటికి ఎత్తుకెళ్ళింది." "ఎత్తుకెళ్ళు మరి." "నేను చచ్చిపోయానుగా, ఎలా లేస్తా?" "నువ్వు చచ్చిపోయిన ముక్క అయిపోయింది, ఇప్పుడు మీ అమ్మవి. జరగండి, జరగండి, దారివ్వండి." అలా సాగింది. మావయ్య ఆ పొడుగు మనిషి, మెట్ల కింద వంగి వంగి, నోటితో హారను కొడుతూ వంతెన అవతల్నుంచి వచ్చాడు. వచ్చి మమ్మల్నందర్నీ బస్సెక్కించాడు. టికెట్లు కూడా ఇచ్చాడు, పాత చిత్తు టికెట్లు. వీడు టికెట్టు తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు పళ్ళెం ఖాళీ చేశాడు. అమ్మకి కారణం తెలీలేదు.

తర్వాత తెలిసింది, పెద్ద గొడవయింది. "బుద్ధుందా నీకు, వాళ్ళు చిన్నపిల్లలు, నువ్వు గాడిదలా పెరిగావు, వద్దన్న ఆటే ఆడిస్తావా" అని అమ్మ. ఈయన ఎప్పుడూ అక్కకి ఎదురు చెప్పేవాడు కాదు. ఆ రోజు చెప్పాడు. "అక్కా, నువ్వొద్దంటే మెట్ల కింద ఆడతారు. మెట్ల కింద ఆడితే రోజూ చంపి ఊరుకుంటారు. నన్ను ఉండనీ అక్కడ" అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదు కానీ మళ్ళీ బాదలేదు కూడా. ఆటేమో రోజుకింత పెరిగింది. గోడ పడ్డాక ఎవరేం చేశారు, ఎవరింట్లో దుప్పట్లిచ్చారు, ఎవరు నీళ్ళు మోశారు, అన్నీ వచ్చి చేరాయి. తర్వాత గోడ పడకముందు ఏం చెయ్యొచ్చు అనేది కూడా వచ్చింది. వాన మొదలైతే ఎవరింటికి వెళ్ళాలి, మేడ కప్పు ఎవరికుంది, ఎవరి చెయ్యి ఎవరు పట్టుకోవాలి. ఒకసారి నిజంగానే ఉరిమింది ఆడుతుండగా. అందరం మావయ్య మీద పడ్డాం. టైలరు గారి అమ్మాయి "మావయ్యా, నీ చేతులు వణుకుతున్నాయి" అంది. "ఆఁ, వణుకుతున్నాయి. గోడౌనులో ఆ రాత్రి తర్వాత నుంచి ఇలాగే ఉంది. పట్టుకో, ఇద్దరివీ కలిసి వణుకుతాయి" అన్నాడు. పెద్దవాళ్ళకి కూడా చేతులు వణుకుతాయని నేను మొదటిసారి చూడ్డం అప్పుడే. వీడైతే ఆయన చేతుల్ని అలాగే చూస్తూ ఉండిపోయాడు, ఎవరో మొత్తానికి నిజం చెప్పినట్టు.

నాన్న సంగతి చెప్తున్నా విను. ఒక సాయంత్రం, ప్రెస్సు నుంచి వస్తూ మెట్లెక్కబోయి మా గోల విని ఆగాడు. మేం చూసి ఆట ఆపేశాం. వీడు ఆపలేదు. నాన్నని చూసి, "నాన్నా, నువ్వు నాన్న వేషం వెయ్యి" అన్నాడు. అప్పటిదాకా నాన్న వేషం ఎవరూ వెయ్యలేదు, ఏమీ కాదనే ఆ మాట వీడే ఎవరి గొంతుతోనో అనేసేవాడు. నాన్న వెళ్ళిపోబోయాడు. మావయ్య మెట్టు మీంచి, "బావా, జరిగి లోపలికి రా, చోటుంది" అన్నాడు, మెల్లిగా. నాన్న వచ్చాడు. మెట్ల కింద నేల మీద కూర్చున్నాడు, చేతులకింకా బురద. గాలివాళ్ళు దుప్పటి ఊపారు. వీడు వెళ్ళి నాన్న మోకాళ్ళ మధ్య దూరాడు. తుఫాను తర్వాత అదే మొదటిసారి అలా దూరడం. "నాన్నా, ఏమవుతుంది" అన్నాడు. నాన్న ఏమీ కాదు అనాలి, అది ఆయన వేషం. నాన్న చేతుల మీది బురద గీక్కుంటూ కూర్చున్నాడు. మేమంతా చూస్తున్నాం. గోడ పిల్లాడు చేతులు చాపి అలాగే నిలబడ్డాడు పాపం. వీడు మళ్ళీ అడిగాడు, "ఏమవుతుంది నాన్నా." అప్పుడు నాన్న, "నాకు తెలీదురా" అన్నాడు. "గాలి చాలా పెద్దగా ఉంది. నాకూ భయంగానే ఉంది. ఆ గోడ పాతది, ఉంటుందో పడుతుందో చెప్పలేను. మనందరం ఇక్కడ ఒక్కచోట కూర్చుందాం. నానమ్మని కూడా పిలువు." వీడు లేచి నిలబడి గట్టిగా, "నానమ్మా, గిన్నె వద్దు. ఇటు రా" అని పిలిచాడు. టైలరు గారి అమ్మాయి అప్పటికే సగం దూరం వెళ్ళింది. ఆగి, వెనక్కి తిరిగి, ఏం చెయ్యాలో తెలీక, "ఇప్పుడు నేను చావాలా వద్దా" అని అడిగింది. పెద్దవాళ్ళు ఆ సంగతి వీడికే వదిలేశారు. మావయ్య కూడా. వీడే ఆలోచించుకుని, "ఇవాళ్టికి వద్దు. రేపు చద్దువుగానిలే" అన్నాడు.

ఏం లేదులే, కళ్ళలో ఏదో పడింది. ఆ పిల్ల వచ్చి నాన్న పక్కన కూర్చుంది, నానమ్మలాగే కాళ్ళు చాపుకుని. నాన్న ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి ఏడ్చాడు. వీడు నాన్న ముఖాన్ని రెండు చేతుల్తో పట్టుకుని దగ్గర్నుంచి చూశాడు, ఏదో యంత్రం ఎలా పనిచేస్తుందో చూసినట్టు. మావయ్య ఏమీ చెయ్యలేదు, నిజం చెప్తున్నా. అటు తిరిగి సంచీలో చిల్లర సర్దుకుంటున్నాడు. ఆ తర్వాత రోజో ఎప్పుడో, అమ్మ మెట్ల దగ్గరికి వచ్చింది. మళ్ళీ దెబ్బలే అనుకుని మేం లేవబోయాం. ఆవిడ టైలరు గారి అమ్మాయిని దగ్గరికి పిలిచి, తల మీద తువ్వాలు విప్పి, "మా అత్తయ్య ఇలా కట్టుకోదు. ముడి ఎడంపక్కకి వేసుకుంటుంది, చెవి మీదకి" అని సరిగ్గా కట్టి వెళ్ళిపోయింది.

మరుసటేడు వానాకాలం మళ్ళీ వచ్చింది. అప్పటికి ఇల్లు బాగు చేసుకుని వెళ్ళిపోయాం, వంటింటి గోడ ఇటుకతో కట్టాం. రేడియోలో చెప్పారు, బస్సులు ఆపేశారు, మావయ్య ఇంట్లోనే ఉన్నాడు. ఎవరూ ఎవరికీ ఏం చెప్పనక్కర్లేకపోయింది. గాలి పెరక్కముందే పిల్లలం చెప్పులేసుకుని నిలబడ్డాం. టైలరు గారిల్లు మేడ కప్పు, ఆటలో ఎప్పుడూ అక్కడికే కదా వెళ్ళేది, అక్కడికే వెళ్ళాం. సందులో పిల్లలంతా అక్కడే, వాళ్ళని పట్టుకుని పెద్దవాళ్ళూ అక్కడే. వీడి పని పిలవడం. గుమ్మంలో నిలబడి ఒక్కొక్కళ్ళనీ పిలుస్తున్నాడు. అందరూ వచ్చారు, అమ్మ రాలేదు. మా ఇల్లు ఎదురుగానే, అమ్మ వెనక్కి వెళ్ళింది, ఏదో గిన్నె తేవడానికి. వీడు చూశాడు. "అమ్మా, గిన్నె వదిలెయ్. రా" అని అరిచిన అరుపు, నేను మళ్ళీ జన్మలో అలాంటిది విన్లేదు. అమ్మ గిన్నె అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చింది. ఆ గోడకేం కాలేదులే. గిన్నెకీ ఏం కాలేదు. నువ్వేదో అవుతుందనుకున్నావు కదూ. రెండు రేకులు పోయాయి, ఎవరిదో మేక దొరకలేదు, అంతే. లోపల కూర్చున్నాక వీడు నాన్నని అడిగాడు, "ఏమవుతుంది" అని. నాన్న తనకి తెలిసింది చెప్పాడు. రేడియోలో ఏమన్నారో, కప్పు ఎంత గట్టిదో, ఏది తెలీదో అదీ చెప్పాడు. వీడు విన్నాడు. లాగు మాత్రం తడుపుకున్నాడు. అందరి మధ్యలో, పిల్లలు చూస్తే ఇంకేముంది. మావయ్య గమనించాడు కాబోలు, పక్కనున్న చెంబు తన్నేశాడు, నీళ్ళన్నీ నేల మీద. "నా కాలు తగిలింది, తడయిపోయింది, జరగండి, జరగండి" అని అందర్నీ అవతలికి తోసేశాడు. టైలరు గారి భార్య "కళ్ళు కనిపించవా నీకు" అని తిట్టింది కూడా. తిట్లు పడ్డాడు.

వాడి భయం కుదిరిందా అంటే, కుదరడమేంటే. కుదిరితే ఈ ఫోనెందుకు చేస్తాడు. భయం వాడితోనే ఉంది, ఇప్పటికీ ఉంది. దాంతోనే చదువుకున్నాడు, దాంతోనే ఉద్యోగం చేశాడు, పిల్లల్ని కన్నాడు. వాళ్ళ పిల్లలు భయపడితే మాత్రం ఏమీ కాదని చెప్పడు. పక్కన కూర్చుని తెలిసింది చెప్తాడు, తెలీంది తెలీదంటాడు. వాళ్ళావిడకి కోపం, పిల్లల్ని హడలగొడుతున్నావని. వాళ్ళు హడలిపోయినట్టు నాకైతే కనిపించలేదు.

ఆ రెండో తుఫాను వెలిసిన మర్నాడు ఒకటి జరిగింది. సందంతా ఆకులు, కొమ్మలు, బురద. మావయ్యకి ఆ రోజు కూడా సెలవే. మధ్యాహ్నం లేచి, ముఖం కడుక్కుని, మా ఇంటి మెట్ల మీదకొచ్చాడు. పిల్లలంతా టైలరు గారింటి ముందు చేరి పెద్ద గోల. ఆయన సంచీ భుజానికి తగిలించుకుని, నోటితో హారను కొడుతూ, అలా వంగి వంగి వెళ్ళాడు. "నేనెవర్ని? ఎక్కణ్ణించి రమ్మంటారు?" అన్నాడు. తుఫాను ఆట అనుకున్నాడు. కాదు. పడిపోయిన కొమ్మ మీద ఎక్కి ఊగుతున్నారు, ఎవరు ముందు కింద పడతారా అని. మీ చిన్న తాతయ్య పై కొమ్మ మీద ఉన్నాడు, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు, ముందు పళ్ళు లేవు అప్పుడు. "ఇది ఆ ఆట కాదు మావయ్యా, నువ్వెక్కితే విరిగిపోతుంది, పక్కకి జరుగు" అన్నాడు. మావయ్య జరిగాడు. కాసేపు నిలబడ్డాడు, ఎవరైనా పిలుస్తారేమోనని. ఎవరూ పిలవలేదు. చిన్నబుచ్చుకున్నాడు కొంచెం, నేను చూశానుగా. వచ్చి మా మెట్ల మీద కూర్చుని, సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళు ఊగుతుంటే చూస్తూ కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాం. ఆయన చేతికున్న ఆ రబ్బరు బ్యాండు తిప్పుకుంటూ, నేను దాన్నే చూస్తూ...

ఆ పాలు చూడవే, పొంగుతున్నట్టున్నాయి.